రికార్డు ప్రకారం గాలిలో

విమానం నడిపేవాడికి ఆ విద్య ఇంకా వచ్చునో, మరిచిపోయాడో అప్పుడప్పుడు చూస్తుండాలన్న విషయంలో మా శాఖలో ఎవరికీ ఏనాడూ పేచీ లేదు. 'అప్పుడప్పుడు' అంటే ఎన్నాళ్ళకోసారి అన్న దగ్గరే పేచీ మొదలైంది.

నా పేరు బొడ్డు అప్పలరాయుడు. రాష్ట్ర వైమానిక వైద్య సహాయ విభాగంలో రికార్డు గుమాస్తాని. విభాగం అనగానే పెద్దగా ఊహించుకోనక్కరలేదు. కొత్తరేవులో సముద్రపు గాలికి తలుపులు తుప్పుపట్టిన ఒక షెడ్డు, ఎదురుగా ఒక రన్‌వే, షెడ్డులో ఒక విమానం, ఇద్దరు పైలట్లు, ఎర్రునాయుడనే మెకానిక్కు, నేను. కొండల మీది ఊళ్ళలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే వెళ్ళి తీసుకురావడమో, కావలసిన మందు పట్టుకెళ్ళి ఇవ్వడమో మా పని.

మాది రెండు ఇంజన్ల విమానం. గాల్లోకి లేవగానే చక్రాలు కడుపులోకి ముడుచుకుంటాయి. దిగేటప్పుడు రెక్కల వెనక రేకులు కిందికి వాల్తాయి. ఇంజన్ల ముందు తిరిగే పంకా ఆకుల వాలు కూడా మార్చుకోవచ్చు. ఈ మూడూ ఉన్న విమానాన్ని నిబంధనల భాషలో 'సంక్లిష్ట విమానం' అంటారు. సంక్లిష్ట విమానం నడిపేవాడు ఏడాదికోసారి నైపుణ్య పరీక్ష పాసవ్వాలి. పరీక్షాధికారి పక్క సీట్లో కూర్చుని, ఒక ఇంజను తగ్గించమంటాడు, విమానాన్ని అటూ ఇటూ తిప్పమంటాడు, దించమంటాడు. అన్నీ సరిగ్గా చేస్తే సంతకం పెడతాడు. మంచి పద్ధతి. మా పైలట్లిద్దరూ దాన్ని మనస్ఫూర్తిగా గౌరవించేవారు.

పైలట్లలో పెద్దాయన తాతపూడి ఐజాక్ రత్నం గారు. కాకినాడ మనిషి. మాట మెత్తన, చెయ్యి అంతకంటే మెత్తన. ఆయన విమానం దించితే చక్రాలు నేలకు తగిలిన సంగతి టీ గ్లాసుకి కూడా తెలిసేది కాదు. రెండో ఆయన దంతులూరి భానోజీరాజు గారు. సైన్యంలో విమానాలు నడిపి వచ్చారు. ఆయన దించితే మాత్రం అందరికీ తెలిసేది. రాష్ట్రం మొత్తానికి పరీక్షాధికారి హోదా ఉన్నవాళ్ళు కూడా వీళ్ళిద్దరే. ఏటా రత్నం గారిని రాజుగారు పరీక్షించేవారు, రాజుగారిని రత్నం గారు పరీక్షించేవారు.

ఇలా ఉండగా ప్రభుత్వం వైమానిక నైపుణ్య పరిరక్షణ మండలి అని ఒకటి ఏర్పాటు చేసింది. మొదటి సమావేశంలోనే అధ్యక్షులవారికి ఒక ధర్మసందేహం వచ్చింది.

"పరీక్ష నాడు పైలట్‌కు నైపుణ్యం ఉన్నట్టు రుజువైంది, సంతోషం. మరి మర్నాటి సంగతేమిటి?" అన్నారు.

సభ్యులు కాగితాలన్నీ తిరగేశారు; మర్నాటి సంగతి ఎక్కడా లేదు. ఆ మర్నాటికి మర్నాటి సంగతి అడిగితే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంటుందని అందరికీ తోచింది. వెంటనే ఒక అధ్యయన సంఘం వేశారు.

నైపుణ్యం ఎన్నాళ్ళకు తరుగుతుందో కొలవడం కష్టం. జ్ఞాపకం కొలవడం తేలిక. అందుకని సంఘం వారు రాష్ట్రంలోని పైలట్లందరినీ పిలిచి, పరీక్ష జరిగిన రోజు మధ్యాహ్నం ఏ కూర తిన్నారో చెప్పమన్నారు. ఆరు నెలల కిందట పరీక్ష అయినవాళ్ళు చెప్పలేకపోయారు. నెల కిందటివాళ్ళూ చెప్పలేకపోయారు. మూడు రోజుల లోపు వాళ్ళు మాత్రం టకటకా చెప్పారు. రత్నం గారు ఒక్కరే ఏడాది కిందటి కూర కూడా తడుముకోకుండా చెప్పారు గానీ, ఆయన రోజూ టమాటా పప్పే తింటారని తేలి ఆయన పేరు లెక్కలోంచి తీసేశారు.

మండలి ఉత్తర్వు వచ్చింది: "సంక్లిష్ట విమాన చోదకుల నైపుణ్యము డెబ్బది రెండు గంటల పర్యంతము మాత్రమే నిలిచియుండునని శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, ఇకపై సదరు పరీక్షను ప్రతి డెబ్బది రెండు గంటలకు ఒకసారి నిర్వహించవలెను."

ఉత్తర్వు కింద సంతకం మండలి కార్యదర్శి ముక్కామల పేరిశాస్త్రి గారిది. నిబంధనావళి మొత్తం రాసింది కూడా ఆయనే. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా వదలని మనిషని మా శాఖలో గొప్ప పేరు.

ఉత్తర్వు చదివి రాజుగారు మీసం సవరించుకున్నారు. "మూడ్రోజులకోసారా? మరి డ్యూటీ ఎప్పుడు చేస్తామయ్యా?"

"డ్యూటీలోనే పరీక్ష పెట్టేసుకుందామండి," అన్నారు రత్నం గారు. "వెళ్ళేటప్పుడు నన్ను మీరు చూడండి, వచ్చేటప్పుడు మిమ్మల్ని నేను చూస్తాను."

అలాగే సాగింది. ఒకసారి గుండెజబ్బుతో ఉన్న రిటైర్డు హెడ్మాస్టరుగారిని పట్నానికి తెస్తున్నారు. దారిలో పరీక్ష ప్రకారం ఒక ఇంజను తగ్గించారు. స్ట్రెచర్ మీద పడుకున్న ఆయన చెవులు రిక్కించి, "బాబూ, ఒకవైపు చప్పుడు తగ్గిందేమిటి?" అని అడిగారట.

"పరీక్షండీ, కంగారు పడకండి," అన్నారు రత్నం గారు.

"పాసయ్యారా?"

"ఇంకా దిగడం ఉందండీ."

హెడ్మాస్టరుగారు కళ్ళు మూసుకుని దిగేదాకా ఓపిక పట్టి, ఆసుపత్రి వాళ్ళు తీసుకెళ్తుంటే చెయ్యెత్తి, "నూటికి ఎనభై రెండు. మలుపు దగ్గర కొంచెం తొందరపడ్డారు," అన్నారు. ఆయన కోలుకున్నారు. ఈ సంగతి మండలికి చేరి, ఇకపై రోగుల అభిప్రాయం కూడా ఫారంలో నమోదు చేయాలని, రోగి స్పృహలో లేనిచో వేలిముద్ర చాలునని సవరణ వచ్చింది.

ఏడాది పాటు ఇబ్బంది లేకుండానే గడిచింది. ఆ తర్వాత వచ్చింది వాన.

అక్టోబరులో తుఫాను పట్టి ఐదు రోజులు వదల్లేదు. రన్‌వే మీద మోకాలి లోతు నీళ్ళు. ఎర్రునాయుడు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని రన్‌వే మీద ఈదుతున్న చేపల్ని లెక్కపెట్టాడు. మూడో రోజు ఉదయం పదీ నలభైకి రత్నం గారి అర్హత గడువు తీరిపోయింది. అదే రోజు పన్నెండూ పదికి రాజుగారిదీ తీరిపోయింది. రెండూ నేనే రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశాను.

వాన వెలిశాక అసలు సంగతి తెలిసింది. రత్నం గారు ఎగరాలంటే రాజుగారు పరీక్షించాలి. రాజుగారు పరీక్షించాలంటే ముందు ఆయన అర్హత బతికుండాలి. అది బతకాలంటే రత్నం గారు పరీక్షించాలి. రత్నం గారు పరీక్షించాలంటే...

ఈ విషయం వివరంగా మండలికి రాశాను. ఒకరినొకరు పరీక్షించుకోవలసిందని జవాబు వచ్చింది. అదే కుదరడం లేదని మళ్ళీ రాశాను. ఈసారి దస్త్రం న్యాయ విభాగానికి వెళ్ళింది. అక్కడ ఒక యువ న్యాయాధికారి మూలంలోకి వెళ్ళాడు. లోకంలో మొట్టమొదట విమానం నడిపినవాణ్ణి ఎవరు పరీక్షించారు? ఎవరూ పరీక్షించలేదు. కనుక అతను అనర్హుడు. అతని తర్వాత అందరూ అనర్హుల చేత పరీక్షింపబడినవారే. ఈ లెక్కన ఇంతవరకూ భూమ్మీద ఎగిరిన విమానాలన్నీ నిబంధనలకు విరుద్ధంగా ఎగిరినట్టే. అయితే మొదటి చోదకుడు కాలం చేసినందున అతని మీద చర్య తీసుకోవడం సాధ్యం కాదని, ప్రస్తుతానికి ఉపేక్షించవచ్చునని అభిప్రాయం రాసి పంపాడు.

ఈ అభిప్రాయం చేతికందాక పేరిశాస్త్రి గారు స్వయంగా స్థల పరిశీలనకు బయల్దేరి వచ్చారు.

ఆయన్ని చూడడం నాకదే మొదటిసారి. సన్నటి మనిషి. తెల్ల చొక్కా, కళ్ళద్దాలకు తాడు, చంకలో నిబంధనావళి. షెడ్డులోకి వచ్చి విమానానికి పది అడుగుల దూరంలో ఆగిపోయి, అక్కడి నుంచే దాని చుట్టూ ఒకసారి తిరిగారు. ఇడ్లీ పెడితే సగం తిని, "చూడండి రత్నం గారూ, సమస్య జటిలమైనది. త్రిసభ్య సంఘాన్ని నియమించి, ఆరు వారాల్లో..." అంటుండగా ఫోను మోగింది.

జోలగూడ ఆసుపత్రి నుంచి డాక్టర్ స్వర్ణకుమారి గారు. జోలగూడ కొండల నడుమ ఊరు. ఆసుపత్రి పక్కనే గడ్డి నేలమీద చిన్న రన్‌వే ఉంది.

"రాయుడుగారూ, ఇక్కడ పాంగి చిలకమ్మ అని, గిరిజన హాస్టల్లో వంట చేసే మనిషి. రెండో కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చెయ్యాలి. రక్తం చాలా పోయింది. ఆమెది బొంబాయి గ్రూపు."

వేలల్లో ఏ ఒక్కరికో ఉండే రక్తం అది. ఉన్నవాళ్ళకు మరే రక్తమూ పడదు. పట్నంలో ఇద్దరు దాతలు దొరికారట. రెండు సీసాలు మంచుపెట్టెలో పెట్టి అప్పుడే మా షెడ్డుకి పంపేశారట. ఘాటు రోడ్డు రెండుచోట్ల కొట్టుకుపోయింది.

"మూడింటి లోపు రావాలి. వస్తారు కదూ?" అన్నారావిడ.

నేను రత్నం గారి వైపు చూశాను. ఆయన అప్పటికే లేచి బూట్ల తాళ్ళు బిగిస్తున్నారు.

"వస్తున్నామని చెప్పు."

"ఆగండి!" పేరిశాస్త్రి గారు నిలబడ్డారు. "మీ అర్హత చెల్లదు. చెల్లని చోదకుడు నడిపితే విమానం అనుమతి రద్దవుతుంది. ఇవాళ ఒక్కరోజుకి కాదు, శాశ్వతంగా. ఈ షెడ్డుకి తాళం పడుతుంది. ఆ తర్వాత వచ్చే చిలకమ్మలకి ఎవరు దిక్కు?"

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. అదే బాధ.

"ఉద్యోగం పోతే నాది పోతుందండి," అన్నారు రత్నం గారు.

"మీది కాదు స్వామీ, విమానానిది పోతుంది అంటున్నాను."

రాజుగారు బల్ల మీద చెయ్యి చరిచారు. "అయితే ఏం చెయ్యమంటారు? కూర్చుని ఇడ్లీ తినమంటారా?"

ఇంతలో మంచుపెట్టె పట్టుకుని పట్నం నుంచి బండి వచ్చేసింది. నీలం రంగు పెట్టె, తట్టలో పట్టేంత. ఎర్రునాయుడు దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తెచ్చి బల్ల మీద పెట్టి, "బాబుగారూ, ఏటి సేద్దారి?" అన్నాడు.

పేరిశాస్త్రి గారు ఆ పెట్టె వైపు కాసేపు చూశారు. తర్వాత కూర్చుని నిబంధనావళి తెరిచారు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. తాను రాసిందాన్నే వేలుపెట్టి, పెదాలు కదుపుతూ, ఎవరో పరాయివాడు రాసినట్టు చదివారు. గోడ గడియారం పదకొండు దాటింది. పదకొండుంపావైంది. నలభై ఒకటో పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది.

"పరీక్ష నిర్వహించు అధికారము మండలికి గాని, మండలిచే నియమింపబడిన వ్యక్తికి గాని ఉండును," అని పైకి చదివారు. మళ్ళీ చదివారు. "మండలికి గాని..."

"మండలి రాజధానిలో ఉంది కదండీ," అన్నాను.

"మండలి తరపున కార్యదర్శి చేసిన పని మండలి చేసినట్టే. మూడో అధ్యాయం." వేలు పేజీ మీంచి తీశారు. "అంటే... నేను."

రత్నం గారు నెమ్మదిగా అడిగారు. "మీరెప్పుడైనా విమానం ఎక్కారాండీ?"

"ఆ అవసరం రాలేదు."

"పరీక్షించేవారు విమానంలో ఉండాలండి."

"తెలుసు. నేనే రాశాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పరీక్షాధికారి అంతకు మునుపు ఎక్కి ఉండాలని మాత్రం రాయలేదు. అది నా లోపం. ప్రస్తుతానికి అదృష్టం."

సాక్షిగా నన్ను కూడా రమ్మన్నారు. నిబంధనలో సాక్షి అవసరం లేదు. ఆయనకే కావాలి, అది నాకర్థమైంది.

ముందు సీట్లలో రత్నం గారు, రాజుగారు. వెనక పేరిశాస్త్రి గారు, పక్కన నేను, నా ఒళ్ళో మంచుపెట్టె. పేరిశాస్త్రి గారి ఒళ్ళో నూటపద్నాలుగు అంశాల పరీక్షా ఫారం. బెల్టు ఎలా పెట్టుకోవాలో ఎర్రునాయుడు ఆయనకు చూపించాడు. అది సరిపోదేమోనని ఆయన సీటు పట్టీ ఒకటి చేతికి కూడా చుట్టుకున్నారు.

"అంశం ఒకటి," అన్నారు. "అభ్యర్థి తాను నడపవలసిన విమానమును గుర్తించగలడా?"

"గుర్తించగలనండి," అన్నారు రత్నం గారు ఇంజను మీటలు సర్దుతూ.

"ఎట్లు?"

"ఒక్కటే ఉందండి."

"సంతృప్తికరం." గడిలో టిక్కు పడింది.

పదకొండూ యాభై రెండుకి విమానం లేచింది. 'లేచుట' అనే ఇరవై రెండో అంశాన్ని పేరిశాస్త్రి గారు కళ్ళు విప్పార్చి చూసి నమోదు చేశారు. నేల కిందికి జారిపోతుంటే ఆయన నోట్లోంచి "ఓహో" అన్న మాట వచ్చింది. అది భయమో ఆనందమో ఆయనకే తెలియదనుకుంటాను. కింద సముద్రం వెనక్కి తిరిగింది. కొబ్బరితోటలు, వరిచేలు, తుఫాను నీళ్ళు నిలిచి అద్దాల్లా మెరుస్తున్న పల్లం. ఆ తర్వాత కొండలు, కొండల మీద మబ్బులు.

ఆయన అంశాలు చదువుకుంటూ పోయారు. ఎడమవైపు తిరుగుట. కుడివైపు తిరుగుట. ఎత్తు నిలుపుట. ముందు నుంచి ఒక్కోదానికీ "చేశామండి" అన్న జవాబు వస్తోంది. నలభై ఏడో అంశం దగ్గర చదవడం ఆగింది.

"ఏమైందండీ?" అన్నాను.

"ఒక ఇంజను విఫలమైనట్లు భావించి, దానిని తగ్గించి, రెండవ ఇంజనుతో పది నిమిషములు నడుపుట," అని చదివి, ముందుకి వంగారు. "రత్నం గారూ, ఇది ఇప్పుడు చేస్తే?"

"ఆలస్యమవుతుందండి. పైగా ఎదురుగా ఆ కొండ చూడండి. మబ్బులో దాన్ని దాటాలంటే నాకు రెండూ కావాలి."

"చేయకుంటే?"

"మీరే చెప్పాలండి. పరీక్షాధికారి మీరు."

పేరిశాస్త్రి గారు ఆ గడిని చూస్తూ ఉండిపోయారు. తర్వాత నా ఒళ్ళోని నీలం పెట్టెని చూశారు. దాని మీద చీటీ అంటించి ఉంది. 'పాంగి చిలకమ్మ, 26 సం., జోలగూడ.' ఆయన ఆ చీటీ కూడా పెదాలు కదుపుతూ చదివారు.

"ఇంజను ఆగిపోతే మీరేం చేస్తారో నోటితో చెప్పండి," అన్నారు చివరికి.

రత్నం గారు వెనక్కి తిరగకుండానే చెప్పారు. ఏ మీట ముందుకి, ఏ కాలు గట్టిగా, ఎంత వేగం తగ్గకూడదు, ఏది ఆపాలి, ఎక్కడ దిగాలి. జపంలా చెప్పుకుపోయారు. ఎక్కడైనా ఆగితే రాజుగారు అందించారు. పేరిశాస్త్రి గారు అంతా విని, గడిలో టిక్కు పెట్టకుండా పక్కన చిన్న అక్షరాలతో రాశారు: 'మౌఖికముగా నిర్వహింపబడినది. కారణము: కొండ.'

మబ్బులోకి దూరాం. విమానం ఎత్తి కుదేసింది. నా ఒళ్ళోని పెట్టెను నాకంటే ముందు ఆయనే రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. ఫారం జారి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

మబ్బు విడేసరికి కింద జోలగూడ. ఆసుపత్రి రేకులు, పక్కన అరచేతంత గడ్డి, ఆ గడ్డి చివర లోయ. పక్కగాలి గట్టిగా ఉంది. రత్నం గారు విమానాన్ని ఒక రెక్క వంచి, వంచినట్టే కిందికి దింపుతున్నారు. పేరిశాస్త్రి గారి చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ఆ వేళ్ళ గుర్తులు నాకు నాలుగు రోజులున్నాయి.

చక్రాలు ఎప్పుడు తగిలాయో తెలియలేదు. గడ్డి పక్క నుంచి పరుగెత్తుతుంటే తెలిసింది.

విమానం ఇంకా ఆగకముందే జీపు వచ్చింది. డాక్టరమ్మే దూకి పెట్టె అందుకుని ఎక్కిపోయారు. సమయం పన్నెండూ నలభై.

మేం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. చిలకమ్మ పెనిమిటి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో రాగి అంబలి తెచ్చిస్తే పేరిశాస్త్రి గారు గ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయారు. మూడున్నరకు డాక్టరమ్మ బయటికొచ్చారు. ముఖం చూడగానే తెలిసిపోయింది.

"ఆడపిల్ల. తల్లి గట్టెక్కింది," అన్నారు.

చిలకమ్మ పెనిమిటి లేచి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక దగ్గర్లో ఉన్న పేరిశాస్త్రి గారికి పెట్టాడు. ఆయన గబగబా రత్నం గారి వైపు చూపించి, "నేను కాదు, నేను కాదు... నేను ఫారం మాత్రమే," అన్నారు.

తర్వాత ఒక మూల కూర్చుని ఫారం పూర్తి చేశారు. నడిపిన రత్నం గారు, అందించిన రాజుగారు, అభ్యర్థులిద్దరూ ఉత్తీర్ణులు. అయితే తొంభై ఎనిమిదో అంశం, 'దిగుట' దగ్గర ఇలా రాశారు: 'ఆ సమయమున పరీక్షాధికారి నేత్రములు మూసుకొని యుండుట చేత గమనింపబడలేదు.'

"అయ్యా, చూశానని రాసెయ్యండి. దిగాం కదా! ఇదిగో, నేల మీదే కదా ఉన్నాం!"

"రాయుడూ," అన్నారాయన, "ముప్ఫై ఒక్క ఏళ్ళలో అనవసరమైనవి చాలా రాశాను. అబద్ధం మాత్రం రాయలేదు."

తిరుగు ప్రయాణానికి ఆయన్ని ఎంత పిలిచినా విమానం ఎక్కలేదు. ఘాటు రోడ్డు బాగయ్యేదాకా నాలుగు రోజులు జోలగూడలోనే ఉండి బస్సులో వెళ్ళారు. మేం ముగ్గురం ఆ సాయంత్రమే కొత్తరేవు చేరి విమానాన్ని షెడ్డులో పెట్టాం.

పది రోజులకు మండలి తనిఖీ విభాగం నుంచి మెమో వచ్చింది. రత్నం గారి పేరున.

"తమరు నడుపుచున్న విమానము తేదీ పదునెనిమిదిన ఉదయము 11.52కు లేచినట్లు ధ్రువీకరణ ఉన్నది. దిగినట్లు ధ్రువీకరణ లేదు. పరీక్షాధికారిచే గమనింపబడని దిగుటను దిగుటగా పరిగణించుటకు వీలు లేదు. కావున సదరు విమానము రికార్డు ప్రకారము నేటికిని గాలిలోనే ఉన్నది. ఇన్ని దినములు ఏ కారణము చేత దిగకుండా ఉన్నారో, ఇంధనము ఎక్కడ నుండి లభించుచున్నదో ఏడు రోజుల లోపు సంజాయిషీ ఇవ్వవలెను."

రత్నం గారు మెమోని రెండుసార్లు చదివి, వేడి కాఫీ గ్లాసు కింద పెట్టారు. "నేను గాల్లో ఉన్నానా రాయుడూ?"

"రికార్డు ప్రకారమేనండి."

నేను పేరిశాస్త్రి గారికి ఫోన్ చేశాను. మర్నాడే రైలెక్కి వచ్చేశారు. మెమో చదివారు. పొరపాటేమీ లేదన్నారు. తన కింద పనిచేసిన కుర్రాళ్ళు చక్కగా తయారయ్యారని మెచ్చుకున్నారు కూడా. తర్వాత నిబంధనావళి తెరిచి, ఈసారి వెతుక్కోకుండా నేరుగా ఒక పేజీ తీసి రత్నం గారి ముందు పెట్టారు.

"చదవండి."

రత్నం గారు చదివారు. "గాలిలో ఉండగా చోదకుని అర్హత గడువు ముగిసినచో, ఆ విమానము దిగువరకు సదరు అర్హత కొనసాగును." ఆయన తలెత్తారు. "అంటే?"

"మధ్యలో గడువు తీరిందని మిమ్మల్ని గాల్లోంచి దింపెయ్యలేం కదా. అందుకు రాశాను. అంటే మీ విమానం దిగేదాకా మీ ఇద్దరి అర్హతకీ ఢోకా లేదు."

ముందుగా రాజుగారికి వెలిగింది. ఆయన నవ్వు విని రన్‌వే మీది కొంగలు లేచిపోయాయి.

సంజాయిషీ పేరిశాస్త్రి గారే రాసిపెట్టారు. విమానం గాలిలో ఉన్న మాట వాస్తవమేననీ, దిగుటకు అనుమతి కోరుతూ ఇందుమూలముగా ప్రతిపాదన సమర్పించడమైనదనీ, ఆ ప్రతిపాదనను పరిశీలించుటకు త్రిసభ్య సంఘమును నియమింపవచ్చుననీ, అంతవరకు యథాస్థితి కొనసాగింపబడుననీ. మండలికి ఆ భాష చాలా నచ్చింది. సంఘం వేశారు. ఆ సంఘానికి సభ్య కార్యదర్శి పేరిశాస్త్రి గారే. తొందరపడి నిర్ణయం తీసుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు.

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో మా విమానం కొండల మీంచి అరవై ఒక్కమందిని తెచ్చింది. ఆరు నెలలకోసారి, ఎండ కాసే రోజు చూసుకుని, రోగులెవరూ లేకుండా రత్నం గారు రాజుగారిని, రాజుగారు రత్నం గారిని పరీక్షించుకుంటారు. నిజంగా ఇంజను తగ్గిస్తారు, నిజంగా తిడతారు. కిందటిసారి రాజుగారు తప్పారు. పట్టుపట్టి వారం రోజులు సాధన చేసి మళ్ళీ పాసయ్యారు. దానికి ఫారం లేదు. నేను మాత్రం రోజూ ఉదయం రిజిస్టరు తెరిచి, 'విమానం ఎక్కడ ఉన్నది' అన్న గడిలో 'గాలిలో' అని రాస్తాను.

కిందటి నెలలో మండలి నుంచి కొత్త సంయుక్త సంచాలకులవారు వార్షిక తనిఖీకి వచ్చారు. ఎండ మండిపోతోంది. నేరుగా షెడ్డులోకొచ్చి విమానం రెక్క కింద నీడలో నిలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఎర్రునాయుడు బకెట్టుతో చక్రాలు కడుగుతున్నాడు. సంచాలకులవారు దస్త్రం తిరగేసి, చెయ్యి చాచి రెక్క మీద తట్టబోతూ ఆగారు.

"ఇది గాలిలో ఉన్న విమానమేనా?"

"అదేనండి," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "గాలిలో ఉన్న విమానాన్ని తనిఖీ చేసే అధికారం నాకు లేదు. దిగాక కబురు చెయ్యండి, వస్తాను."

"చిత్తం."

కారు దాకా సాగనంపాను. తలుపు తీసి పట్టుకుంటే ఆయన ఎక్కబోయి ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి తేరిపార చూశారు. మర్యాద కోసం నేనూ చూశాను.